ఉత్త లింగాపురం

ఆడిటరు గారి దగ్గర ఉద్యోగం మానేసి, యాత్రా రచయితను కావాలని బయల్దేరిన రోజున నా దగ్గర డెబ్భై రెండు వేల రూపాయలు ఉన్నాయి. నాలుగు నెలలు తిరిగేసరికి అవి పంతొమ్మిది వేలకు దిగాయి. అచ్చయిన వ్యాసాలు రెండు. లెక్కలు నాకు తొందరగా వస్తాయి. ఈ లెక్క ఎటు పోతోందో తెలుసుకోవడానికి కాగితం కూడా అక్కర్లేకపోయింది. దర్శిలో ఎరువుల దుకాణం నడుపుతున్న మా బావగారు, అంటే మా అక్క భర్త, వచ్చే సోమవారం నుంచి తన దుకాణంలో లెక్కలు చూడమనీ, నాకు ఇష్టం లేకపోతే ఆ సంగతి ముందే చెబితే ఇంకొకణ్ణి పెట్టుకుంటాననీ మర్యాదగానే కబురు చేశారు. దుకాణంలో కూర్చున్నవాడు మళ్ళీ లేవడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆ సోమవారానికి ఇంకా ఎనిమిది రోజులుండగా, ఆదివారం పొద్దున్న అద్దంకిలో అలివేలు టీచరు గారి వసారాలో కూర్చుని, నాలుగు నెలలుగా లోపల తిరుగుతున్న ప్రశ్నను బయటికి తీశాను.

అలివేలు టీచరు గారు ముప్పై ఏళ్ళు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పారు. సెలవుల్లో గొడుగు చేత పట్టుకుని ఒంటరిగా బస్సులెక్కి, తిరిగిన ఊళ్ళ గురించి రాశారు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పుల వల్ల ప్రయాణాలు మానుకున్నారు గాని, రాయాలనుకునేవాళ్ళు ఆదివారం వస్తే కాదనరు. ఆమెకు ఒక అలవాటుంది. ఎవరైనా సందేహం అడిగితే జవాబు చెప్పరు. వాళ్ళ ముందు చేటలో వేరుశనగ కాయలు పోసి ఒలవమంటారు. కాయలు అయ్యేసరికి సందేహం అలాగే ఉంటే, ఎక్కడికో ఒక చోటికి వెళ్ళిరమ్మంటారు.

నా ముందు కూడా కాయలు పోశారు. ఒలుస్తూనే నా గోడు చెప్పుకున్నాను. గండికోట మీద పాత సంచికల్లో నేను లెక్కపెట్టినవే నలభైకి పైగా వ్యాసాలున్నాయనీ, బెలూం గుహల మీద ముప్పైకి తక్కువ లేవనీ, ఏ కొండకు వెళ్ళినా నాకన్నా ముందే ఎవరో ఎక్కి దిగి రాసేశారనీ అన్నాను. పేరున్న ఊరిని గురించి పేరున్నవాళ్ళు రాస్తారు. పేరులేని ఊరిని గురించి రాస్తే ఎవరూ వేసుకోరు. ఈ రెంటి మధ్య నాలాంటివాడికి చోటెక్కడ?

"ఎవరూ రాయని ఊరు ఎక్కడ దొరుకుతుంది టీచర్?" అని అడిగాను.

ఆమె నా చేటలోకి చూశారు. గింజలకన్నా పొట్టు ఎక్కువగా ఉంది. కాసేపటికి, తన పాత శిష్యుడొకడు ఒక మాసపత్రికకు సంపాదకుడుగా ఉన్నాడని చెప్పారు. నీళ్ళ మీద ప్రత్యేక సంచిక వేస్తున్నాడట. లింగాపురంలో పాతకాలపు దిగుడుబావి ఉంది. దాని గురించి రాస్తానన్నాయనకు జబ్బు చేసింది. వ్యాసమూ ఫోటోలూ శనివారం సాయంత్రానికి చేరాలి. నేను రాస్తానంటే చెబుతానన్నారు. నేను రాస్తాననడానికి చేటను కింద పెట్టేంత సేపు కూడా ఆగలేదు.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఒక్క మాట అన్నారు. "బస్సులో అడిగి దిగు."

అడగాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ఆ బావి మీద దొరికినవన్నీ మూడు రోజులు కూర్చుని చదివాను. బావి లింగాపురానికి ఉత్తరాన ఉందని అన్నింట్లోనూ ఉంది. శుక్రవారం పొద్దున్న బస్టాండులో వేళలు రాసిన బోర్డు చూస్తే 'ఉత్తర లింగాపురం' అన్న పేరు కనిపించింది. రెండూ కలిపితే లెక్క సరిపోయింది. బస్సులో లింగాపురానికి టికెట్టు ఇమ్మంటే కండక్టరు, "ఏ లింగాపురం?" అన్నాడు. ఉత్తర లింగాపురమని ధీమాగా చెప్పాను. అతను నా మెడలో కెమెరాను ఒకసారి చూసి, ఏదో అనబోయి, చిన్నగా నవ్వుకుని టికెట్టు కొట్టాడు. అడగమని పంపిస్తే నేను చెప్పి దిగాను.

దిగిన చోట తారురోడ్డు, పసుపుపచ్చ బోర్డు మీద నల్లటి అక్షరాలతో ఊరి పేరు, ఒక వేపచెట్టు నీడన టీకొట్టు, దాని ముందు ఒక బల్ల. బల్లకు మూడు కాళ్ళే ఉన్నాయి. నాలుగో మూల కింద ఒక బండరాయి పెట్టి ఉంది. అవతల కందిచేలు, వాటి వెనక ఇళ్ళు. బస్సు దుమ్ము ఇంకా అణగకముందే కొట్టులోని ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, లోపలికి తిరిగి కేక వేసింది.

"ఒదినా, బావగారొచ్చాడు. ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పొయ్యి."

ఆమె నన్ను చూసి మరెవరో అనుకుందని నేను అనుకున్నాను. నాది ఈ ఊరు కాదనీ, దిగుడుబావి చూడడానికి వచ్చాననీ చెప్పాను. ఆమె తల ఊపింది. బావి కోసం వచ్చావు కాబట్టే బావగారివయ్యావు, కూర్చో అంది. ఆమె పేరు తిరపతమ్మ. యాభై ఏళ్ళుంటాయి. ఆ కొట్టు అంతకు ముందు వాళ్ళ అమ్మదట. నేను కూర్చోకుండా బావి ఎటని అడిగాను. చేలల్లోంచి వస్తున్న ఇద్దరు రైతులు ఆ మాట విని దారి మార్చుకుని కొట్టు దగ్గరికి వచ్చారు. వీధి చివరి ఇంట్లోంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని, ఇంత ఆలస్యంగా చెబుతారా అన్నట్టు గబగబా నడిచి వచ్చాడు. వాళ్ళందరికీ ఇది అలవాటైన వేడుక అని నాకు అప్పుడే అర్థమైంది. ఏ వేడుకో మాత్రం అర్థం కాలేదు.

ముసలాయన బల్ల మీద చేరగిలబడి, "బావగారూ, ఉత్తరం ఎటు?" అని అడిగాడు.

పొద్దు చూసి, చెయ్యి చాచి ఉత్తరం చూపించాను. బాగా చదువుకున్నాడని వాళ్ళలో వాళ్ళు మెచ్చుకున్నారు.

"బావి ఉన్న లింగాపురమూ అటే. ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. మరి ఉత్తర లింగాపురంలో నువ్వు దక్షిణాన నిలబడి ఏం చేస్తున్నావు బావా?"

చాచిన చెయ్యి ఎప్పుడు దించాలో నాకు తెలియలేదు. అందరూ నవ్వారు. తిరపతమ్మ నవ్వుతూనే టీ గ్లాసు ఆ చేతికే అందించి, చెయ్యి దించుకునే వీలు కల్పించింది.

తర్వాత వాళ్ళు తలో ముక్కా చెప్పారు. చుట్టుపక్కల లింగాపురాలు రెండు. బావి ఉన్నది బావి లింగాపురం. ఇక్కడ బావీ లేదు, కోటా లేదు, చెప్పుకోదగ్గ తిరునాళ్ళ కూడా లేదు. అందుకని దీన్ని తాతల నాటి నుంచీ ఉత్త లింగాపురం అంటారు. తారురోడ్డు వేసినప్పుడు బోర్డు రాయడానికి ఒకాయన వచ్చి ఊరి పేరు అడిగాడు. ఉత్త లింగాపురం అని చెప్పారు. ఆయన తెలుగు బాగా వచ్చినవాడు. పల్లెటూరివాళ్ళు ఒక అక్షరం మింగేశారనుకుని, తానే సరిచేసి ఉత్తర లింగాపురం అని రాసి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి బావి కోసం వచ్చేవాళ్ళలో తెలివైనవాళ్ళందరూ ఇక్కడే దిగుతున్నారు. తెలివి తక్కువవాళ్ళు కండక్టరును అడిగి తిన్నగా పోతారట. ఈ మాట అన్నప్పుడు ముసలాయన నా వైపు చూడకుండా ఉండడానికి కష్టపడ్డాడు.

బావికని వచ్చినవాళ్ళు అనడం పొడుగైపోయి బావివాళ్ళయింది, బావివాళ్ళు బావగార్లయ్యారు. ఆడవాళ్ళు వస్తే వదినగార్లు. బావ అన్నాక ఆట పట్టించాలి, ఆట పట్టించాక అన్నం పెట్టాలి. అదీ అక్కడి ఆచారం. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. పిలుపును బట్టి మర్యాద దానంతట అదే వచ్చింది. ఒకసారి ఒక పెళ్ళిబృందం బ్యాండుమేళంతో సహా దిగిపోతే, వాయించకుండా కదలనివ్వలేదట. బోర్డు మారుస్తామని ఒక అధికారి వస్తే ఊరంతా కలిసి వద్దని బతిమాలుకున్నారట. ఉత్త అని మీ పేరు మీరు చెప్పుకోవడానికి లేని సిగ్గు, రాయించుకోవడానికి ఎందుకని ఆయన అడిగాడు. దానికి తిరపతమ్మ తల్లి, సిగ్గు సంగతి కాదయ్యా, సరిగ్గా రాస్తే ఇక్కడ ఎవరు దిగుతారు అని అడిగిందట. ఆయన అన్నం తిని వెళ్ళాడు. బోర్డు అలాగే ఉంది.

ఇదంతా వింటున్నానే గాని నా మనసు పొద్దు మీదే ఉంది. బావి వైపు పోయే ఇంకో బస్సు సాయంత్రం గాని లేదు. బావి లోతైనది, మూడు గంటలు దాటితే మెట్ల మీద వెలుతురు ఉండదు. వెలుతురు లేకపోతే ఫోటోలు లేవు, ఫోటోలు లేకపోతే వ్యాసం లేదు, వ్యాసం లేకపోతే సోమవారం ఎరువుల బస్తాల లెక్క. నడిచి పోతానన్నాను. తిరపతమ్మ ఎండను చూపించి, బావగారిని నడిపించి పంపిస్తే ఊరి పరువు పోతుందంది. వాళ్ళ చెంచయ్య ఆటో అద్దంకిలో గడ్డపారలు దింపి రెండింటికల్లా వస్తుందనీ, బావగార్లను బావి దగ్గర దింపేది అతనేననీ చెప్పింది. ఈ చెంచయ్య ఎవరంటే, పన్నెండేళ్ళ కిందట ఇలాగే బావి చూద్దామని వచ్చి ఇక్కడ దిగినవాడు. అన్నం తిన్నాడు. వడ్డించిన పిల్లను చూశాడు. ఆ పిల్ల తిరపతమ్మ చెల్లెలు.

"మిగతావాళ్ళంతా పిలుపుకే బావలు. వాడొక్కడూ ఊరికి నిజం బావ," అంది తిరపతమ్మ.

జొన్నరొట్టె, గోంగూర, పెసరపప్పు, చివర్లో అన్నంలోకి గడ్డ పెరుగు పెట్టారు. గోంగూరలో కావాలనే కారం ఎక్కువ వేసి, నా కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అక్క గుర్తొచ్చిందా బావా అని అడిగారు. నిజానికి అప్పుడు నాకు అక్క కాదు, అక్క మొగుడు గుర్తొస్తున్నాడు. ఆ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు; నాలుగు నెలలుగా స్నేహితులకు కూడా చెప్పని మాట అది. ఎరువుల దుకాణం, సోమవారం, పంతొమ్మిది వేలు, అన్నీ చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. రైతుల్లో ఒకాయన లేచి రోడ్డు మీదికి వెళ్ళి, ఆటో వస్తోందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని చూడసాగాడు. నా తొందర అప్పటి నుంచి ఆ ఊరి తొందర అయింది.

రెండు దాటింది. ఆటో రాలేదు. ముసలాయన ఫోన్ తీసి చెంచయ్యను తిట్టి, అతను మలుపు దగ్గరికి వచ్చేశాడని తెలిశాక కూడా తిట్టడం ఆపలేదు. ఆటో ఆగీ ఆగకముందే నన్ను ఎక్కించారు. చెంచయ్య నోట్లో మంచినీళ్ళయినా పోసుకోకుండా బండి తిప్పాడు. పద్నాలుగు కిలోమీటర్లూ అతను చెప్పిన కబురు ఒక్కటే: తాను ఈ దారిన రోజూ పోతున్నాడు గాని బావిలోకి దిగి చూసింది మాత్రం ఇప్పటికీ లేదట. చూసేస్తే తానిక్కడికి వచ్చిన పని అయిపోయినట్టు అనిపిస్తుందని అన్నాడు.

మెట్ల మీద ఇంకా ఎండ ఉంది. అది చూడగానే నాకు గుండెల మీది బరువు సగం దిగినట్టయింది. అందమైన బావి. రాతి పనితనం చూసి తీరాలి. నలుగురైదుగురు సెల్ఫీలు తీసుకుని వెళ్ళిపోయారు. కావలసిన ఫోటోలు తీసుకున్నాను, కావలసినవన్నీ కొలుచుకున్నాను. సాయంత్రం బస్సులో తిరిగి వస్తుంటే ఒక చోట కండక్టరు, "అత్తగారి మలుపు, అత్తగారి మలుపు," అని కేక వేశాడు. ఒక నడివయసు ఆమె నవ్వుకుంటూ దిగింది. చుట్టూ చేలు తప్ప ఏమీ కనిపించలేదు. బస్సు కదిలింది.

శనివారం పొద్దున్నకల్లా బావి వ్యాసం రాసేసి, పంపేముందు టీచరు గారికి చదివి వినిపించాను. ఆమె కాయలు ఒలుస్తూ చివరిదాకా విన్నారు. బాగుందన్నారు. తర్వాత, ఇందులో ఎవరూ మాట్లాడరేమని అడిగారు. బావి దగ్గర మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరని చెప్పాను. మాట్లాడినవాళ్ళంతా వేరే ఊళ్ళో ఉన్నారని, అది పొరపాటున దిగిన ఊరని, వ్యాసానికి సంబంధం లేదని అన్నాను. ఆమె ఇంకో కాయ తీసుకున్నారు. ఆ పొరపాటు ఎలా జరిగిందో చెప్పబోయి మొత్తం చెప్పడం మొదలుపెట్టాను. ఉత్తరం చూపించిన చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒలవడం ఆపారు. బోర్డు రాసిన పెద్దమనిషి దగ్గరికి వచ్చేసరికి వంటింట్లోంచి ఆమె కోడలు వచ్చి గడప మీద కూర్చుంది. చెంచయ్య బావిలోకి దిగడని చెప్పేసరికి టీచరు గారు చేటను పక్కకు జరిపారు.

"బావి వ్యాసం ఇప్పుడే పంపు, మాట ఇచ్చావు కనక," అన్నారు టీచరు గారు. "పంపాక, ఇప్పుడు నాకు చెప్పింది చెప్పినట్టు రాయి. సరిచెయ్యకు."

సాయంత్రానికి రెండోది కూడా రాసి, అడగకపోయినా పంపించాను. ఆదివారం పొద్దున్న సంపాదకుడు ఫోన్ చేశాడు. బావికి ఒక పేజీ చాలునన్నాడు. ఉత్త లింగాపురానికి నాలుగు ఇస్తానన్నాడు. రెండింటికీ డబ్బు వేరువేరుగా పంపుతానన్నాడు. ఇలా పేరు తప్పిన ఊళ్ళు, పేరు మిగిలి ఊరు పోయిన చోట్లు ఇంకా ఉంటాయి కదా, నెలకు రెండు చొప్పున ఆరు నెలలు రాయగలవా అని అడిగాడు. అతని మాట పూర్తికాకముందే నాకు పన్నెండు అని వచ్చేసింది. ఫోన్ పెట్టేశాక గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు. నాలుగు నెలల్లో నాకు ఊపిరి అంత నిండుగా ఆడిన పొద్దు లేదు.

బావగారికి ఫోన్ చేసి, దుకాణానికి ఇంకొకణ్ణి చూసుకోమని చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. ఆయన సంగతంతా అడిగి తెలుసుకుని, కాసేపు ఆలోచించి, "నేను నిజం బావనే కదరా. బావి చూడ్డానికి రాకపోయినా ఆ ఊళ్ళో అన్నం పెడతారంటావా?" అని అడిగారు. పెడతారని, గోంగూరతో జాగ్రత్తగా ఉండమని చెప్పాను.

ఆ ఫోన్ పెట్టేసి తిన్నగా టీచరు గారి ఇంటికి వెళ్ళాను. ఆదివారం కాబట్టి వసారాలో ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు చేటలు ముందేసుకుని కూర్చున్నారు. నా ముందు కూడా కాయలు పోయబోయి, ఈ వారం సందేహమేమీ లేదా అని అడిగారు. లేదన్నాను. రేపు పొద్దున్న మొదటి బస్సుకు వెళుతున్నాననీ, అత్తగారి మలుపులో దిగుతాననీ, అక్కడ ఎవరి అత్తగారు ఏం చేసిందో నాకింకా తెలియదనీ చెప్పాను. ఆమె సంతోషించినట్టే కనిపించారు. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా అడిగారు.

"తిరపతమ్మ వాళ్ళ బల్లకు నాలుగో కాలు వేయించారా, ఇంకా బండరాయేనా?"

నేను బల్ల సంగతి చెప్పాను గాని, దాని కాలి సంగతి ఆమెకు చెప్పలేదు. వ్యాసంలో కూడా రాయలేదు. గోడకు కొక్కేనికి వేలాడుతున్న గొడుగు వైపు చూశాను, ఆమె వైపు చూశాను. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో ఉండగా, మరి ఆ రోజు నన్ను బస్సులో అడిగి దిగమన్నారెందుకని అడిగాను.

ఆమె కొత్తవాళ్ళలో ఒకడి చేటలోంచి పొట్టు ఊదేశారు.

"అందరికీ అదే చెబుతాను నాయనా. నా మాట విన్నవాళ్ళు బావి చూసి వచ్చేస్తారు," అన్నారు. "బావి కూడా మంచిదేలే."